చేతిపని సొమ్ము: షోలాపూర్ తెలుగు నేతవాడల్లో ఇల్లాలి సంపాదన, విడాకులు, హక్కు

షోలాపూర్ తెలుగువారి చరిత్ర అనగానే వలస, మగ్గం, మిల్లు, 1930 నాటి మార్షల్ లా, కార్మికోద్యమం, మార్కండేయ దేవాలయం, తెలుగు బడి వెంటనే గుర్తుకు వస్తాయి. ఇవన్నీ చెప్పుకోదగ్గవే. అయితే అశోక్ చౌక్, కన్నా చౌక్, సాఖర్ పేఠ్, దత్తనగర్ వంటి తూర్పు భాగపు నేతవాడల్లో ఇంటికి వచ్చిన కూలి డబ్బు ఎవరి చేతిలో పడింది, ఎవరి పేర నమోదయింది, కాపురం చెడినప్పుడు ఎవరికి దక్కింది అన్న ప్రశ్న కూడా చరిత్రకు సంబంధించిన ప్రశ్నే. ఈ వ్యాసంలో మేము ఆ ప్రశ్నను పరిశీలించదలచాం.

భార్య సంపాదనను లాక్కోవటం, ఆమె నగలు చెప్పకుండా తాకట్టు పెట్టటం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవటం, పనికి పోకుండా ఆపటం వంటివాటిని 'ఆర్థిక హింస' అన్న పేరుతో మన దేశపు చట్టం 2005లో గుర్తించింది. మాట కొత్తదే కాని పని పాతది. స్త్రీ సంపాదన స్త్రీదేనని చట్టం ఒప్పుకోవటం ఒక మెట్టు. ఆ సంపాదన ఆమె పేర కాగితం మీదికి ఎక్కటం రెండో మెట్టు. ఆ కాగితం ఆమె చేతిలోనే ఉండటం మూడో మెట్టు. షోలాపూర్‌లో ఈ మూడూ ఒక్కసారిగా రాలేదు. ఇంకా ఎక్కని మెట్టు ఏదో అక్కడే ఆర్థిక హింసకు పట్టు దొరుకుతుందని ఈ నేతవాడల చరిత్ర చెబుతున్నదని మా అభిప్రాయం.

వలస, మగ్గం, లెక్కకు రాని పని

బొంబాయి నుంచి రైలుమార్గం 1860లో షోలాపూర్ చేరింది. 1876-78 నాటి కరువు దక్కనును కుదిపివేసిన రోజుల్లోనే, 1877లో, ఇక్కడ మొదటి బట్టల మిల్లు మొదలయింది. తరువాతి తరాలవారు దీన్నే 'జూనీ మిల్లు' అన్నారు. నిజాం సంస్థానంలోని తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు అప్పటికే వస్తున్నాయి. కరువు, రైలు, నూలు దొరకటం, చీరలకు గిరాకీ ఉండటం వంటి కారణాల వల్ల ఆ రాక పెరిగింది. కొందరు మిల్లులో చేరారు. ఎక్కువమంది చేతిమగ్గం వదల్లేదు. సొంత మగ్గం ఉన్నవారు కొందరైతే, నూలు, పెట్టుబడి ఉన్న కార్ఖానాదారు దగ్గర కూలికి నేసేవారు మరికొందరు.

మగ్గం మీద కూర్చునేది మగవాడే అయినా మగ్గం నడిచేది ఒక్కడి చేతులతో కాదు. చిలపలు విప్పి నూలు తోడటం, కండెలు చుట్టటం, ఆసు పోయటం, పడుగుకు గంజి పట్టించే రోజున ఇంటిల్లిపాదితో పాటు నిలబడటం ఆడవారి పని, పిల్లల పని. కూలి మాత్రం నేసిన బట్టకు లెక్క. చీరకు ఇంత అని కట్టిన ఆ లెక్కలోనే కండెలు చుట్టిన కూలి కూడా కలిసిపోయి, చిట్టాలో మగవాడి పేర జమ అయ్యేది. ఇంకొకరి కార్ఖానాలో కండెలు చుట్టే స్త్రీకి విడిగా కూలి ముట్టేది. సొంత ఇంట్లో చుట్టే ఇల్లాలికి అటువంటి లెక్కే లేదు.

కార్ఖానాదారు ఇచ్చే ముందస్తు డబ్బుది మరో ముడి. పండుగకో పెళ్ళికో మగవాడు అప్పు తెస్తే, తీరేదాకా ఆ కొలువు విడిచిపోవటానికి లేదు. అప్పు అతని పేర ఉన్నా, తీర్చేది కుటుంబం మొత్తపు కష్టం. గోఖలే సంస్థ 1947లో ప్రచురించిన ఆర్. జి. కాకడే గారి షోలాపూర్ నేతకులాల సర్వేను, 1965 నాటి డి. ఆర్. గాడ్గిల్ గారి నగర అధ్యయనాన్ని ఈ దృష్టితో మళ్ళీ చదవవలసిన అవసరం ఉంది. కుటుంబాన్ని ఒకే ఆదాయపు ముద్దగా లెక్కిస్తే లోపలి పంపకం కనిపించదు. ఇల్లు బాగా గడుస్తున్నదని పట్టిక చెప్పినా, ఆ ఇంటి ఇల్లాలి చేతిలో ఒక అణా కూడా ఉండకపోవచ్చు.

కాపురం చెడితే తగవు కులపెద్దల ముందుకు వచ్చేది. తెలుగు శ్రామిక కులాలు అనేకంలో పెడాకులు, మారుమనువు ఆచారంగా ఉన్నాయి. పంచాయతీలో లెక్కకు వచ్చేవి పుట్టింటివారు పెట్టిన నగలు, పెళ్ళి ఖర్చులు, ఓలి ఇచ్చిన చోట ఓలి. పదేళ్ళ పాటు ఆమె చుట్టిన కండెలు ఏ పెద్దమనిషి లెక్కలోకీ రావు. దీనికి తోడు 1876లో బొంబాయి హైకోర్టు శంభు రఘు కేసులో, భర్త సమ్మతి లేకుండా వివాహాన్ని రద్దు చేసి స్త్రీకి మారుమనువు అనుమతించే అధికారం కులానికి లేదని తీర్పు చెప్పింది. కులపెద్దల న్యాయం స్త్రీకి అనుకూలమని మేము అనటం లేదు. కాని ఆ తీర్పుతో పాత తలుపు ఇరుకయింది, కొత్త తలుపు తెరుచుకోవటానికి మరో 71 ఏళ్ళు పట్టింది. బొంబాయి రాష్ట్రం హిందూ విడాకుల చట్టం చేసింది 1947లో. మద్రాసు రాష్ట్రంలో అటువంటిది 1949లో వచ్చింది. దేశమంతటికీ వర్తించే హిందూ వివాహ చట్టం 1955 నాటిది. అది ఆచారసిద్ధమైన విడాకులను కూడా కాదనలేదు.

ధర్మశాస్త్రంలో చేతిపని

స్త్రీధనం అన్న భావన మన ధర్మశాస్త్రాల్లో ప్రాచీనమైనదే. పెళ్ళినాడు వచ్చినవి, పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చినవి, అరణంగా వెంట వచ్చినవి ఆమెవే. అయితే నేతవారి ఇంటికి నేరుగా తగిలే ఒక మినహాయింపు కాత్యాయన స్మృతిలో ఉంది. శిల్పం వల్ల, అంటే చేతిపని వల్ల, స్త్రీ ఆర్జించిన ధనం మీదా, బంధువులు కానివారు ప్రీతితో ఇచ్చినదాని మీదా భర్తకు స్వామ్యం ఉంటుందని ఆ స్మృతి అభిప్రాయం. పుట్టింటి బంగారం మీద ఆమెకు ఉన్న హక్కు, ఆమె సొంత చేతులతో సంపాదించినదాని మీద లేదన్నమాట. కూర్చుని తినే ఇంటి స్త్రీ కంటే పనిచేసే ఇంటి స్త్రీకే ఈ నియమం ఎక్కువ నష్టం చేసింది.

షోలాపూర్‌కు అంత దూరం కాని కల్యాణి నగరంలో, చాళుక్య విక్రమాదిత్యుని కాలంలో మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు స్త్రీధనానికి విశాలమైన అర్థం చెప్పాడు. ఏ మార్గాన వచ్చినా స్త్రీ ధనం స్త్రీధనమే అన్నది ఆయన ధోరణి. బ్రిటిష్ న్యాయస్థానాలు బొంబాయి ప్రాంతానికి మితాక్షరను ప్రమాణంగా తీసుకున్నాయి. ఆ ప్రకారం చేతిపని సంపాదన పేరుకు స్త్రీధనమయింది. కాని భర్త బతికి ఉన్నంతకాలం అతని సమ్మతి లేకుండా ఖర్చుపెట్టటానికి, ఇతరులకు ఇవ్వటానికి వీలులేని తరగతిలో దాన్ని చేర్చారు. కరువులో, రోగంలో, చెరలో ఉన్నప్పుడు భర్త తీసుకున్న స్త్రీధనాన్ని తిరిగి ఇవ్వనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు అన్నాడు. కరువుకు ఇల్లు వదిలి వచ్చిన కుటుంబాలకు ఈ మినహాయింపు ఎంత బరువో ఊహించుకోవచ్చు. అదే సంప్రదాయంలో బలవంతంగా తీసుకున్న స్త్రీధనాన్ని వడ్డీతో తిరిగి ఇవ్వాలన్న మాట కూడా ఉందన్నది మరవరాదు.

ఇంగ్లండులో పెళ్ళయిన స్త్రీ కూలి ఆమెదేనని 1870 నాటి చట్టం ఒప్పుకున్నది. ఆ వెంటనే 1874లో భారతదేశంలోనూ వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చింది. భార్య కూలి, సంపాదన ఆమె విడి ఆస్తి అని ఆ చట్టం స్పష్టంగా చెప్పింది. కాని హిందూ, ముస్లిం, బౌద్ధ, సిక్కు, జైన స్త్రీలకు వర్తించదని అందులోనే మినహాయించింది. ఈ దేశంలో పనిచేసే స్త్రీలలో అత్యధికులు ఆ మినహాయింపు కిందికే వస్తారు. షోలాపూర్‌లో మొదటి మిల్లు లేచింది ఈ చట్టం వచ్చిన మూడేళ్ళకే. ఆ మిల్లులో నూలు చుట్టే విభాగంలో నిలబడిన హిందూ స్త్రీ తన కూలిని తనదని చెప్పుకోవటానికి ఆ చట్టం పనికిరాలేదు.

మిల్లు వాటా, ఇల్లాలి కూలి

1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ఫ్యాక్టరీ కూలి పనిచేసినవారికే ముట్టాలన్నది. ఇంట్లో కండెలు చుట్టే స్త్రీకి యజమాని అంటూ ఎవరూ లేనందువల్ల ఆ చట్టం గడప దాటి లోపలికి రాలేదు. 1946లో భర్త నుంచి విడిగా ఉండి భరణం కోరే హక్కును హిందూ వివాహిత స్త్రీలకు ఇచ్చే చట్టం వచ్చింది. అది కొన్ని కారణాలకే పరిమితమయినా, విడిగా ఉన్నంత మాత్రాన స్త్రీ దిక్కులేనిది కారాదన్న సూత్రాన్ని నిలబెట్టింది.

ఆ తరువాత కొద్దికాలానికే షోలాపూర్ పేరు దేశమంతా మారుమోగింది. 1949లో జూనీ మిల్లు మూతపడింది. దాన్ని నడపటానికి ప్రభుత్వం 1950లో ప్రత్యేక చట్టం చేసి నిర్వహణను తన చేతిలోకి తీసుకున్నది. తమ ఆస్తి హక్కుకు భంగం కలిగిందని వాటాదారులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1950లో చిరంజిత్‌లాల్ చౌధురి కేసు, 1953లో ద్వారకాదాస్ శ్రీనివాస్ కేసు ఆస్తి హక్కు గురించిన మన రాజ్యాంగ చర్చకు తొలి మైలురాళ్ళయ్యాయి. మొదటిదాన్ని కోర్టు కొట్టివేసింది. రెండోదాంట్లో పరిహారం లేకుండా ఆస్తిని తీసుకోవటం చెల్లదన్నది. న్యాయవిద్యార్థులు నేటికీ వీటిని చదువుతారు. ఒక వాటాదారుకు మిల్లులో ఉన్న హక్కు ఎంత అని దేశపు అత్యున్నత న్యాయస్థానం సూక్ష్మంగా విచారిస్తున్న ఆ రోజుల్లో, అదే మిల్లు కార్మికుని భార్యకు తన చేతిపని సొమ్ము మీద పూర్తి హక్కు ఉన్నదని చెప్పే చట్టం ఇంకా లేదు.

అది 1956 నాటి హిందూ వారసత్వ చట్టంతో వచ్చింది. హిందూ స్త్రీ ఆధీనంలో ఉన్న ఆస్తికి ఆమే పూర్తి యజమాని అని 14వ సెక్షన్ చెప్పింది. ఆస్తి అంటే ఏమిటో వివరిస్తూ, ఆమె సొంత నేర్పు వల్ల, శ్రమ వల్ల సంపాదించినదాన్ని కూడా అందులో చేర్చింది. కాత్యాయనుని కాలం నుంచి చేతిపని సొమ్ము మీద భర్తకు ఉన్న స్వామ్యం ఆ ఒక్క వాక్యంతో తొలగిపోయింది. 14వ సెక్షన్‌ను విశాలంగా చదవాలని 1977లో సుప్రీంకోర్టు చెప్పినది కూడా ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక తెలుగు స్త్రీ, తులసమ్మ, వేసిన అప్పీలులోనే. మొదటి మెట్టు ఇలా ఎక్కారు.

అయితే ఒక లోటు మిగిలింది. ఎవరి ఆస్తి వారిదే అన్న సూత్రం మీద మన హిందూ చట్టం నడుస్తుంది. కాపురంలో ఇద్దరూ కూడబెట్టినదాన్ని విడాకుల నాడు చెరిసగం చేసే పద్ధతి గోవాలో పోర్చుగీసు చట్టం వల్ల ఉన్నది కాని షోలాపూర్‌లో లేదు. భార్య కూలితో బియ్యం, ఉప్పు, పప్పు కొని, భర్త కూలితో అతని పేర మగ్గం కొంటే, విడిపోయేనాడు మగ్గం అతనిది. బియ్యం ఎప్పుడో తినటం అయిపోయింది. కాబట్టి ఎవరి డబ్బు దేనికి ఖర్చయింది, ఏ వస్తువు ఎవరి పేర ఉంది అన్నవి తుది పంపకాన్ని నిర్ణయిస్తాయి.

బీడీ కార్డు

మిల్లులు ఒక్కొక్కటే నీరసించి, చేతిమగ్గం స్థానంలో మరమగ్గం వచ్చి, షోలాపూర్ దుప్పట్లకు, తువ్వాళ్ళకు పేరు పెరిగింది. మరమగ్గం దగ్గర పని మగవారిదయింది. కండెలు చుట్టే పని చాలావరకు కార్ఖానాలోకి పోయింది. తెలుగు ఇళ్ళలోని ఆడవారికి ప్రధాన జీవనాధారంగా మిగిలింది బీడీ. కార్ఖానా నుంచి తునికాకు, పొగాకు తెచ్చుకుని, ఆకు నానబెట్టి, కత్తిరించి, ఇంటి ముంగిట కూర్చుని చుట్టి, దారం కట్టి, కట్టలు కట్టి అప్పగించాలి. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. నాసిగా ఉన్నాయని కొన్ని తీసివేస్తారు. ఆకు చాలకపోతే కొని కలపాలి. ఇన్ని కోతలు పోను మిగిలేది తక్కువే. కాని మగ్గం ఇంట్లోని ఇల్లాలికి ఎన్నడూ లేనిది ఇక్కడ ఒకటి వచ్చింది. లెక్కపుస్తకంలో ఆమె పేరు ఎక్కింది.

ఆ పేరు ఊరికే ఎక్కలేదు. ఇంట్లో చుట్టేవారు తమ పనివారు కారని యజమానులు చాలాకాలం వాదించారు. కార్మిక సంఘాల పోరాటం ఫలితంగా వచ్చిన 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ముడిసరుకు తీసుకుని ఇంట్లో చుట్టేవారిని కూడా ఉద్యోగులుగా గుర్తించింది. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది. 1977లో ప్రావిడెంట్ ఫండు ఈ పరిశ్రమకు వర్తించింది. ఇంట్లో చుట్టేవారికి అది వర్తించదన్న యజమానుల వాదనను 1985లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 2025 నవంబరులో కార్మిక స్మృతులు అమలులోకి రావటంతో 1966 చట్టం వాటిలో కలిసిపోయింది. అది దాదాపు అరవై ఏళ్ళ పాటు షోలాపూర్ స్త్రీకి ఇచ్చిన గుర్తింపు మాత్రం చిన్నది కాదు. రెండో మెట్టు ఇది.

1952 నాటి ప్రావిడెంట్ ఫండు పథకంలో ఒక చిన్న నియమం ఉంది. దాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. సభ్యురాలు తన భర్తను తన కుటుంబం లెక్క నుంచి తొలగించదలచుకుంటే, కమిషనరుకు లిఖితపూర్వకంగా తెలియజేస్తే చాలునని ఆ పథకం చెప్పింది. పురుషుడు తన భార్యను అలా తొలగించాలంటే ఆమెకు భరణం పొందే హక్కు లేదని రుజువు చేయవలసి ఉంది. స్త్రీకి ఒక్క ఉత్తరం చాలు. విడాకుల దాకా పోకుండానే, కోర్టు గడప తొక్కకుండానే, తన చేతిపని సొమ్ము తన తరువాత ఎవరికి పోవాలో స్త్రీ స్వయంగా నిర్ణయించే వీలు అందులో ఉంది. కాత్యాయనుని నియమానికి ఇది సరిగ్గా తలకిందులు.

గుర్తుపట్టటం

కాగితం మీద పేరు ఎక్కగానే కష్టం తీరిందని అనుకోరాదు. ఆర్థిక హింస వేషం మార్చుకుంది. మగ్గం కాలంలో ఆమె సంపాదనకు పేరే లేదు కాబట్టి ప్రత్యేకంగా లాక్కోవలసిన పని లేకపోయింది. బీడీ కాలంలో పేరు ఉంది కాబట్టి ఆ పేరును ఆక్రమించవలసి వచ్చింది. గృహహింస నిరోధక చట్టం, దాని కింద 2006లో వచ్చిన నియమావళి పేర్కొన్న రూపాలను నేతవాడ వాడుకలోకి తెచ్చుకుంటే అవి ఇలా కనిపిస్తాయి.

మొదటిది, చుట్టేది కోడలు, కార్డు ఇంకొకరి పేర. బీడీ పరిశ్రమ ఉన్న అనేక చోట్ల ఒకరి కార్డు మీద మరొకరు చుట్టే పద్ధతి ఉంది. కాపురం సాగినన్నాళ్ళు ఇది ఇంటి సర్దుబాటుగా కనిపిస్తుంది. విడిపోయేనాడు ఆమె ఏళ్ళ తరబడి చేసిన పనికి ఫండు లేదు, రుజువు లేదు. రెండోది, కార్డు ఆమెదే అయినా కూలి తెచ్చేది, ఖాతా కార్డు జేబులో పెట్టుకునేది భర్త. 2016 నోట్ల రద్దు తరువాత కూలిని బ్యాంకు ద్వారా ఇవ్వాలన్న ఒత్తిడి పెరిగింది. ఖాతా ఆమె పేర ఉండటం మేలే. కాని రహస్య సంఖ్య భర్తకే తెలిసి, బ్యాంకుకు అతడే వెళుతుంటే, ఆ ఖాతా ఆమెది కాదు.

మూడోది, అప్పు. స్వయం సహాయక బృందాల ద్వారా, సూక్ష్మరుణ సంస్థల ద్వారా అప్పు స్త్రీ పేర వస్తుంది. వాడకం మగవాడిది, వాయిదా ఆమెది అయితే, అప్పు ఇచ్చినవారి పుస్తకంలో ఆమె సాధికారత పొందిన స్త్రీ, ఇంట్లో ఆమె జామీను మాత్రమే. బంగ్లాదేశ్‌లో గోయెట్జ్, సేన్‌గుప్తా 1996లో ప్రచురించిన పరిశీలన స్త్రీల పేర వచ్చిన రుణాల్లో గణనీయమైన భాగం పురుషుల అదుపులోకి పోతున్నదని చూపింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2010లో సూక్ష్మరుణాల సంక్షోభం వచ్చి ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చినప్పుడు కూడా వాయిదాల ఒత్తిడికి ముందు నిలబడినది స్త్రీలే.

నాలుగోది, నగలు. భర్త మరమగ్గం కొనటానికో, ఆడబిడ్డ పెళ్ళికో ఇల్లాలి నగలు తాకట్టుకు పోవటం పేదయింట కొత్త కాదు. ఇష్టపడి ఇచ్చిన నగకు, అడగకుండా పోయిన నగకు తేడా ఉంది. చెప్పకుండా, ఒప్పుకోకుండా స్త్రీధనాన్ని అమ్మటం, కుదువపెట్టటం చట్టం దృష్టిలో హింసే. అయిదోది, కూలి ఉన్నదన్న సాకుతో ఇంటి ఖర్చంతా ఆమె మీద పెట్టి తన కూలిని సారాయికో, మరో ఇంటికో తరలించటం. ఇందులో ఎవరూ ఆమె చేతి నుంచి డబ్బు గుంజుకోలేదు. అందువల్లనే దీన్ని గుర్తుపట్టటం కష్టం.

వీటిని వేరుచేసి చూడటానికి మాకు తోచిన కొలత ఒకటి ఉంది. పేదరికంలో ఇద్దరి చేతుల్లోనూ డబ్బు ఉండదు, ఎందుకు లేదో ఇద్దరికీ తెలుసు. హింసలో ఒకరికి లెక్క తెలియదు, అడిగితే దెబ్బో తిట్టో ఎదురవుతుంది. లెక్క అడగటానికి భయపడే స్థితే ఈ హింసకు మొదటి గుర్తు.

రాబట్టుకోవటం

విడిపోయిన స్త్రీకి నేరశిక్షాస్మృతి కింద భరణం పాతకాలం నుంచీ ఉంది. కాని దాని పరిమితి చూడండి. 1898లో నెలకు 50 రూపాయలు, 1923లో 100, 1955లో 500. ఆ 500 రూపాయల గీత 2001 దాకా చెరగలేదు. 2024 జూలై 1 నుంచి ఈ నియమం భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా ఉంది. బీడీలు చుట్టే స్త్రీకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు. ఆమె సంపాదించుకుంటున్నది కాబట్టి భరణం అక్కరలేదని భర్త తరఫువారు వాదించగలరు. ఎంతో కొంత సంపాదన ఉన్నంత మాత్రాన తనను తాను పోషించుకోగలదని అనరాదని 2007లో చతుర్భుజ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆమె కూలిని కాపురంలో వాడుకుని, విడిపోయాక అదే కూలిని ఆమెకు ఎదురు సాక్ష్యంగా నిలబెట్టటాన్ని ఈ తీర్పు కొంతవరకు అడ్డుకున్నది.

నగల విషయంలో 1985 నాటి ప్రతిభారాణి కేసు ముఖ్యమైనది. భర్త ఇంట ఉన్నంత మాత్రాన స్త్రీధనం ఉమ్మడి ఆస్తి కాదని, అతడు దాన్ని నమ్మకం మీద ఉంచుకున్నవాడు మాత్రమేనని, తిరిగి ఇవ్వకపోతే నేరపూరిత నమ్మకద్రోహమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నేరం నేడు భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్‌లో ఉంది. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు డబ్బు ఇప్పించవచ్చు, స్త్రీధనం తిరిగి ఇప్పించవచ్చు, ఉన్న ఇంటి నుంచి వెళ్ళగొట్టకుండా ఉత్తర్వు ఇవ్వవచ్చు. దీనికి విడాకులు తీసుకోవలసిన అవసరం లేదు. భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తిపాస్తులను, అప్పులను ప్రమాణపత్రంలో వెల్లడించాలని 2020లో రజనీశ్-నేహా కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఇంట్లో లెక్క అడగటానికి భయపడిన స్త్రీ తరఫున కోర్టే లెక్క అడిగినట్టయింది. స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవాధికార చట్టం ఇచ్చింది.

ఇవన్నీ రుజువుల మీద ఆధారపడ్డ హక్కులే. బీడీ కార్డు నకలు, ఫండు ఖాతా సంఖ్య, బ్యాంకు పుస్తకం, పెళ్ళినాటి నగల పట్టీ, కొన్న రసీదులు, తాకట్టు చీటీ ఇంటి పెట్టెలో భర్త తాళం కింద కాక ఆమెకు అందే చోట ఉండాలి. నామినేషను ఎవరి పేర ఉందో చూసుకోవాలి. పాత ఖాతా రహస్య సంఖ్య మార్చుకోవాలి, లేదా మరో బ్యాంకులో కొత్త ఖాతా తెరవాలి. తన పేర ఏయే అప్పులు నడుస్తున్నాయో వ్రాసుకోవాలి. ఎందుకంటే విడాకుల తీర్పు కాపురాన్ని విడదీస్తుంది కాని ఆమె సంతకం చేసిన అప్పును రద్దు చేయదు. మూడో మెట్టు, కాగితం చేతిలో ఉండటం, ఇదే. ఈ మెట్టు ఏ చట్టమూ ఎక్కించలేదు. ఆమెతో పాటు పుట్టింటివారు, ఇరుగుపొరుగు, సంఘం నిలబడాలి.

ఇల్లు ఎవరి పేర

షోలాపూర్ స్త్రీల చరిత్రలో దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఉంది. నగరం పక్కనున్న కుంభారి దగ్గర బీడీ కార్మిక స్త్రీలకు 10,000 ఇళ్ళు కట్టించటానికి ఒక సహకార సంఘం ఏర్పడింది. వార్లీ ఆదివాసుల పోరాటానికి నాయకత్వం వహించిన గోదూతాయి పరుళేకర్ పేరు దానికి పెట్టుకున్నారు. సి.ఐ.టి.యు. నాయకుడు, మాజీ శాసనసభ్యుడు నరసయ్య ఆడం ఈ ప్రయత్నానికి ముందు నిలిచారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా ఆ ఇళ్ళు కార్మికులకు అందాయి. ఆ సంఘం పేరులోనే మహిళా బీడీ కార్మికుల మాట ఉండటం గమనార్హం. గృహహింస నిరోధక చట్టం అమలులోకి వచ్చింది కూడా అదే 2006లో, అక్టోబరులో. చట్టం ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. సంఘం ఇంటినే స్త్రీ పేర కట్టించింది. ఆ తరువాత రే నగర్‌లో 30,000 ఇళ్ళ ప్రణాళిక వచ్చి, అందులో 15,000 ఇళ్ళను 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు.

భర్త పేర ఉన్న ఇంట్లో 'పో' అన్న మాట ఎప్పుడూ భార్య మీదికే వస్తుంది. భార్య పేర ఉన్న ఇంట్లో ఆ మాట అనటానికి ముందు ఆగవలసి వస్తుంది. ఇది చిన్న మార్పుగా కనిపించవచ్చు. కాని దెబ్బలు తిని కూడా స్త్రీలు కాపురం వదలలేకపోవటానికి పెద్ద కారణం పోవటానికి చోటు లేకపోవటమే. పుట్టింటి ఆస్తి విషయంలోనూ ఇదే సంగతి. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన భాగాన్ని ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణతో, మహారాష్ట్ర 1994లో, దేశమంతా 2005లో ఒప్పుకున్నాయి. తెలంగాణలో పుట్టిల్లు, షోలాపూర్‌లో మెట్టినిల్లు ఉన్న స్త్రీకి రెండు వైపులా హక్కు ఉన్న మాట నిజం. ఆ హక్కు కాగితం మీదికి ఎక్కిందా అన్నదే ఆమె అడగవలసిన ప్రశ్న.

షోలాపూర్ తెలుగువారి చరిత్రకు చిట్టాలు, సంఘాల దస్తావేజులు, కోర్టు రికార్డులు ఆధారాలుగా ఉన్నాయి. వాటిలో మగవారి పేర్లు సులభంగా దొరుకుతాయి. ఇల్లాళ్ళ పేర్లు దొరికేది బీడీ కార్డుల్లో, ఫండు పుస్తకాల్లో, భరణం దరఖాస్తుల్లో, ఇళ్ళ పట్టాల్లో. అవి ఇళ్ళలో, కార్యాలయాల అటకల మీద చిరిగిపోకముందే సేకరించి భద్రపరచటం మనవంటి తెలుగు పీఠాలు చేయదగిన పని. రేపటి చరిత్రకారునికి ఒక పాత బీడీ కార్డు ఆధారం కావచ్చు. ఈరోజు షోలాపూర్‌లో కోర్టు వరండాలో నిలబడిన స్త్రీకి కూడా అదే ఆధారం.